గోల్కొండ శివారు ద్రాక్షతోటల చరిత్ర, ఐతిహ్యాలు: సైబరాబాదు నేల నేపథ్యం

వ్యాససంగ్రహం:
హైదరాబాదు ద్రాక్ష అనగానే నిజాం పేరు, 'అనాబ్-ఎ-షాహి' పేరు కలిపి చెప్పుకోవడం పరిపాటి. గోల్కొండ అనగానే తారామతి పాట, రాజోద్యానం, మధుపాత్ర గుర్తుకు వస్తాయి. ఈ రెండు జ్ఞాపకాలు కలిసి, నగర పశ్చిమ శివారులో కుతుబ్‌షాహీల కాలం నుంచి నిన్నమొన్నటి వరకు ఎడతెగని రాచ ద్రాక్షతోట ఒకటి ఉన్నట్టు భావన కలిగిస్తాయి. యాత్రికుల వర్ణనలు, ఉద్యానశాస్త్ర సమాచారం, స్థలనామాల ఆధారంగా ఆ భావనలో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అన్నది వేరుచేసి చూపడం ఈ వ్యాస లక్ష్యం. రాజుల పేర్ల వెనుక మరుగున పడిన గీతకార్మికుల, తోటమాలుల శ్రమను చరిత్రలోకి తేవలసి ఉందని ఈ పరిశీలన సూచిస్తుంది.

కీలకపదాలు: గోల్కొండ, ఇబ్రహీంబాగు, ద్రాక్ష, కల్లు, అనాబ్-ఎ-షాహి, ఐతిహ్యం, స్థలనామాలు, సైబరాబాదు.

1. ఉపోద్ఘాతం

తెలుగు కావ్యవిమర్శకు ద్రాక్ష పరాయిది కాదు. చదవగానే రసం అందే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నారు. తొక్క ఒలిస్తేగాని అందనిది కదళీపాకం, పెంకు పగలగొడితేగాని అందనిది నారికేళపాకం. అరటి, కొబ్బరి తెలుగువారి పెరట్లో పండేవే. ద్రాక్ష అలా కాదు. అయినా మూడింటిలో సుకుమారమైన స్థానం దానికే దక్కింది. ఆయుర్వేదంలోని ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం కూడా ఆ పండుకు మన వాఙ్మయంలో ఉన్న పాత పరిచయాన్నే తెలుపుతాయి.

పేరులో ద్రాక్ష వినిపిస్తే చాలు, అక్కడొక తోటను ఊహించుకోవడం కూడా మనకు అలవాటే. గోదావరి మండలంలోని ద్రాక్షారామం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ క్షేత్రనామానికి మూలం దక్షుడు, దక్షవాటిక. వాడుకలో 'దాక్షారామం' 'ద్రాక్షారామం' అయిన తరువాత అక్కడ ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవన్న వ్యుత్పత్తి దానంతటదే పుట్టింది. పేరు మారినప్పుడు కథ కూడా మారుతుందనడానికి ఇదొక నిదర్శనం.

హైదరాబాదు ద్రాక్ష విషయంలోనూ పేర్లు ఇలాంటి పనే చేశాయి. అయితే ఇక్కడ ఒక తేడా ఉంది. ద్రాక్షారామంలో పేరు లేని తోటను సృష్టించింది. గోల్కొండలో పేర్లు ఉన్న తోటల అసలు స్వరూపాన్ని కప్పివేశాయి. ఆ కప్పును తొలగించి చూడాలంటే ఐతిహ్యాలను కొట్టివేస్తే సరిపోదు. అవి ఏ కాలానివో, దేని మీద నిలిచాయో పరిశీలించాలి.

2. తోట చుట్టూ అల్లుకున్న కథలు

గోల్కొండ కోటకు పడమటగా, గండిపేట దారిలో ఇబ్రహీంబాగు ఉంది. ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580) పేరిట వెలసిన ఉద్యానమిది. అక్కడి గుట్టపై పన్నెండు ద్వారాల మంటపం తారామతి బారాదరి. బాటసారుల సత్రంలో తారామతి పాడుతుంటే కోటలో ఉన్న అబ్దుల్లా కుతుబ్‌షాకు ఆ గానం గాలిలో తేలి వినిపించేదని ప్రజలు చెప్పుకుంటారు. మంటపం నుంచి కోట వరకు కట్టిన తాడు మీద ఆమె నాట్యమాడుతూ వెళ్లేదని మరో కథ. ప్రేమామతిని ఆమెకు సోదరిగా చెప్పే కథనాలూ ఉన్నాయి.

ఈ కథల్లో రెండు కాలాలు కలిసిపోయాయి. తోట పేరులోని ఇబ్రహీం పదహారో శతాబ్దపు రాజు. పాట విన్న అబ్దుల్లా (పాలన 1626–1672) ఆయనకు మునిమనుమడు. పేరు ముత్తాతది, ప్రేమకథ మునిమనుమడిది. శ్రోతలకు ఈ అంతరం పట్టదు. 'రాజు, తోట, పాట' అనే మూడు అంశాలు కుదిరితే ఐతిహ్యానికి చాలు.

కోటకు అనుబంధమైన నయాఖిలా తోటలోని బ్రహ్మాండమైన బావొబాబ్ వృక్షానిది కూడా ఇదే తీరు. 'హతియాన్ కా ఝాడ్' అని స్థానికులు పిలిచే ఆ చెట్టు ఆఫ్రికా ఖండపు జాతి. దాని తొర్రలో నలభైమంది దొంగలు దాక్కునేవారన్న కథ ఇప్పటికీ సందర్శకులకు చెబుతారు. కథను పక్కన పెడితే మిగిలే వాస్తవం విలువైనది: సముద్రాల అవతలి మొక్కలను తెచ్చి ఈ రాతినేలలో బతికించిన ఉద్యాన సంప్రదాయం గోల్కొండలో ఉండేది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా (పాలన 1580–1612) తన దక్కనీ కవితల్లో రాజోద్యానాలను, వాటిలోని పండ్లను ప్రత్యేకంగా వర్ణించడం ఆ సంప్రదాయానికి సాహిత్య సాక్ష్యం. ద్రాక్ష ఈ నేలకు వచ్చిన దారిని ఈ నేపథ్యంలోనే చూడాలి.

3. యాత్రికుల సాక్ష్యం

దక్కనులో ద్రాక్షకు లభించే పాత ఆధారాల్లో ఇబ్న్ బతూతా యాత్రావర్ణన ఒకటి. దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాస్తాయని ఆయన రాశాడు. కొన్ని ఉద్యానశాస్త్ర రచనల్లో ఆయన అక్కడికి వచ్చిన సంవత్సరం 1430గా కనిపిస్తుంది. 1304లో పుట్టి, 1333లో భారతదేశానికి చేరిన యాత్రికుడు 1430లో దౌలతాబాదు చూడడం అసాధ్యం. అది పద్నాలుగో శతాబ్దపు సాక్ష్యమే. ఒక రచనలో పడిన తప్పు మరొక రచనలోకి పరిశీలన లేకుండా చేరుతుందని పరిశోధకులు గుర్తుంచుకోవలసిన సందర్భమిది.

గోల్కొండకు సంబంధించి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం ఫ్రెంచి యాత్రికుడు థెవెనో ఇచ్చాడు. 1666–67లో ఆయన ఈ దేశంలో తిరిగాడు. గోల్కొండ రాజ్యంలో ద్రాక్ష విరివిగా ఉందనీ, జనవరిలోనే పండుతుందనీ, కొన్నిచోట్ల తీగలకు తగిలే ఎండను బట్టి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కోస్తారనీ ఆయన నమోదు చేశాడు. ఆ పండ్లతో తెల్లని వైను తయారుచేస్తారని కూడా చెప్పాడు. పండు కోశాక తీగను కత్తిరిస్తారనీ, నడివేసవి నాటికి పుల్లని కాయ మళ్లీ దిగుతుందనీ వివరించాడు.

ఈ వర్ణన కేవలం విన్నమాట కాదని నేటి ఉద్యానశాస్త్రం ధ్రువపరుస్తుంది. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలంలో ఆకు రాల్చి నిద్రాణస్థితిలోకి వెళుతుంది. దక్కను పీఠభూమిలో ఆ విశ్రాంతి ఉండదు. తీగ ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల ఇక్కడి రైతులు రెండుసార్లు కత్తిరింపు చేస్తారు. పంట ముగిశాక ఏప్రిల్ ప్రాంతంలో చేసే కత్తిరింపు కొత్త రెమ్మలకు, అక్టోబరు ప్రాంతంలో చేసేది పూతకు. ఫలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య చేతికి వస్తుంది. థెవెనో చెప్పిన కోత నెలలు, కోత తరువాతి కత్తిరింపు, రెండో కాపు ఈ క్రమానికి సరిపోతున్నాయి. అంటే దక్కను వాతావరణానికి తగిన సాగుపద్ధతి పదిహేడో శతాబ్దం నాటికే గోల్కొండ తోటమాలుల చేతిలో ఉంది.

థెవెనో మాటలు రాజ్యమంతటికీ సంబంధించినవి. వాటిని ఇబ్రహీంబాగుకో మరో ప్రత్యేక ఉద్యానానికో అంటగట్టడం చరిత్ర కాదు. కాని గోల్కొండలో ద్రాక్ష పండేదని, దాని నుంచి మద్యం తీసేవారని చెప్పడానికి ఈ సాక్ష్యం చాలు. దర్బారులో ఇరానీ కులీనుల ప్రాబల్యం ఉన్న రాజ్యమది. పర్షియా రేవుల నుంచి షీరాజ్ వైనును తూర్పు ఇండియా కంపెనీలు భారతదేశానికి చేరవేస్తున్న కాలమది. ఆ రుచి తెలిసినవారి నడుమ స్థానికంగా వైను తయారుకావడంలో ఆశ్చర్యం లేదు.

4. ఖజానా నింపినది ద్రాక్ష కాదు

అయితే గోల్కొండ రాజ్యానికి మద్యం మీద వచ్చిన ఆదాయం ద్రాక్షతోటలది కాదు, తాటి, ఈత వనాలది. ఈ విషయాన్ని మరో ఫ్రెంచివాడైన తవెర్నియే వివరంగా రాశాడు. వజ్రాల వ్యాపారి అయిన ఆయన గోల్కొండకు పలుమార్లు వచ్చాడు. ఆయన కథనం ప్రకారం భాగ్‌నగరంలో దరోగా పుస్తకంలో నమోదైన వేశ్యలు 20,000 మందికి పైగా ఉండేవారు. సాయంకాలం దీపాలు వెలిగే వేళకు కల్లు దుకాణాలు తెరుచుకునేవి. ఐదారు క్రోసుల దూరం నుంచి తోలుతిత్తుల్లో కల్లు నింపి, గుర్రానికి అటొకటి ఇటొకటి వేసి, వేగంగా తోలుకువచ్చేవారు. అలాంటి గుర్రాలు రోజుకు ఐదారువందలు నగరంలోకి వచ్చేవి. కల్లు మీద పన్ను ఖజానాకు గణనీయమైన రాబడి కాబట్టే అంతమంది వేశ్యలను రాజు అనుమతించాడని ఆయన వ్యాఖ్య.

విదేశీ వర్తకుడి అంకెలను యథాతథంగా స్వీకరించనక్కరలేదు. ఆయన చూపులోని అతిశయాన్నీ గమనించాలి. కాని ఆ వర్ణనలోని ఆర్థిక సూత్రం మాత్రం స్పష్టం. గోల్కొండ నుంచి ఐదారు క్రోసుల వలయం గీస్తే నేటి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దానిలోపలే ఉంటాయి. నగరానికి కల్లు అందించిన వనాలు ఈ వలయంలోనూ, దాని అంచుల్లోనూ ఉండి ఉంటాయని ఊహించడం అసంగతం కాదు. 'గోల్కొండ మద్యపు తోట' అనే మాటకు చారిత్రకార్థం వెతికితే పందిరి కింద ద్రాక్షగుత్తి కాదు, మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కిన గీతకార్మికుడు, మట్టకు కట్టిన లొట్టి కనిపిస్తాయి.

అసఫ్‌జాహీల కాలంలోనూ ఈ స్వరూపం మారలేదు. హైదరాబాదు సంస్థానపు ప్రధాన ఆదాయ మార్గాల్లో ఆబ్కారీ ఒకటి. ఆ ఆబ్కారీ ప్రధానంగా నిలిచింది కల్లు మీద, ఇప్పపువ్వు సారా మీద. ద్రాక్షమద్యం కొద్దిమంది భోగవస్తువుగానే ఉండిపోయింది. రాజ్యం తనకు రాబడినిచ్చే మద్యాన్నే పోషిస్తుంది. గోల్కొండ తెల్లని వైను కొనసాగే పరిశ్రమగా ఎదగకపోవడానికి ఇదొక మౌలిక కారణంగా భావించవచ్చు.

5. 'అనాబ్-ఎ-షాహి': ఒక పేరు, రెండు పుట్టుకలు

ఆధునిక హైదరాబాదుకు ద్రాక్షకీర్తి తెచ్చినది అనాబ్-ఎ-షాహి. 'ఇనబ్' అంటే అరబ్బీలో ద్రాక్ష. 'షాహి' అంటే పారసీలో రాజుకు చెందినది. రెండూ కలిసి 'రాజద్రాక్ష'. ఈ రకాన్ని 1890 ప్రాంతంలో హైదరాబాదుకు చెందిన అబ్దుల్ బాఖర్ ఖాన్ ప్రవేశపెట్టినట్టు ఉద్యానశాస్త్ర రచనలు పేర్కొంటాయి. మరికొన్ని రచనలు హైదరాబాదు సంస్థానంలో ద్రాక్షను ఇరవయ్యో శతాబ్దారంభంలో 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' నిజాం ప్రవేశపెట్టారని రాస్తాయి.

ఈ రెండు కథనాలను పోల్చితే ఐతిహ్యం ఎలా రూపుదిద్దుకుంటుందో తెలుస్తుంది. 1890లో సింహాసనంపై ఉన్నది ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. 'ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు 1918లో ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు లభించింది. మొదటి కథనంలో ఒక పౌరుడు ఉన్నాడు, రెండో కథనంలో ఒక ప్రభువు ఉన్నాడు. పండు పేరులోనే 'షాహి' ఉండడంతో ప్రభువు కథనం సులభంగా నిలబడింది. పౌరుని పేరు శాస్త్రగ్రంథాలకే పరిమితమైంది. థెవెనో సాక్ష్యాన్ని కూడా కలిపి చూస్తే మరో సవరణ అవసరమవుతుంది. 1890 ప్రాంతంలో హైదరాబాదుకు వచ్చినది ఒక కొత్త రకం మాత్రమే. ద్రాక్ష పంట అంతకు రెండు శతాబ్దాలకు ముందే ఇక్కడ ఉంది.

రైతుకు అనాబ్-ఎ-షాహి చేసిన మేలు మాత్రం ఐతిహ్యం కాదు. కోలగా, గింజతో, పండినప్పుడు తేనెరంగు తిరిగే కాయ. హెక్టారుకు సగటున 35 టన్నుల దిగుబడి. రాతి కడీలు పాతి, వాటిపై తీగలల్లి, మనిషి తలకు పైన పందిరి వేసి పెంచే పద్ధతి దీనికి చక్కగా సరిపడింది. నాటి ఆంధ్రప్రదేశ్ నుంచి కర్ణాటక, పంజాబ్, హర్యానాలకు ఈ రకం వ్యాపించింది. కర్ణాటకలోని 'దిల్‌ఖుష్' దీని నుంచి ఎంపికచేసినదే. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం వెలియడానికి నగరం చుట్టూ విస్తరించిన ఈ సాగే నేపథ్యం.

6. రాజద్రాక్ష మధువు ఎందుకు కాలేదు?

ఇంత పండిన ప్రాంతంలో పేరెన్నికగన్న వైను తోట ఎందుకు స్థిరపడలేదన్న ప్రశ్నకు సమాధానం మొదట పండులోనే ఉంది. అనాబ్-ఎ-షాహి రసంలో కరిగిన ఘనపదార్థాలు 14 నుంచి 16 శాతం. వీటిలో అధికభాగం చక్కెర. ఈ చక్కెరంతా పులిసినా వచ్చే మద్యసారం ఎనిమిది, తొమ్మిది శాతం దగ్గర ఆగిపోతుంది. మేలైన వైనుకు సాధారణంగా 20 శాతానికి మించిన తీపి గల రసం కావాలి. పైగా వైను కోసం పెంచేవారు కాపును కావాలనే తగ్గించి, ఉన్న కాయలో సారాన్ని పెంచుతారు. హైదరాబాదు రైతు అందుకు విరుద్ధంగా, తీగ మోయగలిగినంత కాయించాడు. పండ్ల బజారుకు అది సరైన నిర్ణయం, వైను పీపాకు కాదు. రాజద్రాక్ష పళ్లెంలోకి పుట్టిన పండు, పాత్రలోకి కాదు.

రెండో కారణం కాలక్రమంలో ఉంది. భారతదేశంలో ఆధునిక వైను పరిశ్రమ 1980లలో మహారాష్ట్రలోని నారాయణ్‌గావ్‌లో, కర్ణాటకలోని నంది కొండల దగ్గర వేళ్లూనుకుంది. 1990ల చివరికి నాసిక్‌కు చేరింది. మహారాష్ట్ర 2001లో ప్రత్యేక వైను విధానాన్ని ప్రకటించింది. సరిగ్గా ఆ దశాబ్దంలో తెలుగునేల మద్యంపై మరో చర్చలో ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. పొరుగు రాష్ట్రాల్లో వైను తోటలు పెట్టుబడిని ఆకర్షిస్తున్నప్పుడు ఇక్కడ మద్యం ఇల్లాలి కన్నీటికి సంబంధించిన నైతిక ప్రశ్నగా నిలిచింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ద్రాక్షరైతుకు పండ్ల బజారు తప్ప మరో దారి తెరుచుకోలేదు.

7. పందిరి నుంచి సౌధానికి

నిషేధం సడలిన మరుసటి ఏడాది, 1998 నవంబరు 22న, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ ఏర్పడింది. శివారు భూమి విలువ ఇక పంటను బట్టి కాక చదరపు గజాన్ని బట్టి నిర్ణయమైంది. ద్రాక్ష పెట్టుబడి ఎక్కువ గల పంట. కడీలు, తీగలు, బావి, కూలి, మందులు అన్నీ ఖర్చే. అనాబ్-ఎ-షాహికి బూజు తెగులు బెడద మరీ ఎక్కువ. భూగర్భజలం అడుగంటుతూ, కూలి పెరుగుతూ ఉన్నప్పుడు పక్కనే భూమిధర ఆకాశాన్నంటితే తోట నిలవడం కష్టం. నగరం తోటలను ఒక్కరోజులో మింగలేదు. తోటను నిలబెట్టే లెక్కను తలకిందులు చేసింది.

అయినా పాతనేల ఆనవాళ్లు పేర్లలో మిగిలాయి. 'గచ్చిబౌలి' అంటే గచ్చుతో కట్టిన బావి అని చెబుతారు. బహుళజాతి సంస్థల చిరునామాగా మారిన ఆ పేరు నిజానికి ఒక నీటివనరుది. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీరందించిందని ప్రతీతి. 2020లో దానిపై తీగల వంతెన వచ్చింది. 'ఇబ్రహీంబాగు'లో బాగు అంటే తోట. బావి, చెరువు, తోట అన్న మూడు పేర్లను కలిపి చదివితే సైబరాబాదు పూర్వరూపం కొంత అర్థమవుతుంది. అది ఏమీలేని బండరాళ్ల బీడు కాదు. నీటిని నిలుపుకుని, ఆ నీటితో తోటలు పెంచిన నేల.

కల్లు కథ మాత్రం ముగియలేదు. 2004లో నగరంలో మూతబడిన కల్లు దుకాణాలను తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో తిరిగి అనుమతించారు. గీతవృత్తివారి జీవనోపాధి ఆ నిర్ణయానికి ముఖ్యకారణం. తవెర్నియే చూసిన గుర్రాలు లేవు. కాని నగరానికీ శివారు వనాలకూ ఆయన గుర్తించిన సంబంధం మూడున్నర శతాబ్దాల తరువాత కూడా ప్రభుత్వ నిర్ణయాల్లో కనిపిస్తోంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి:

1. గోల్కొండ ప్రాంతంలో ద్రాక్షసాగు, తెల్లని వైను తయారీ పదిహేడో శతాబ్దంలోనే ఉన్నాయి. అనాబ్-ఎ-షాహి రాక ఒక రకానికి ప్రారంభమే తప్ప పంటకు కాదు.

2. మద్యం ద్వారా రాజ్యానికి రాబడినిచ్చినవి ప్రధానంగా తాటి, ఈత వనాలు. రాజోద్యానాల చుట్టూ ఐతిహ్యాలు అల్లుకోగా, ఖజానాను నింపిన వనాలు కథల్లో వెనుకబడ్డాయి.

3. అనాబ్-ఎ-షాహి వైనుగా మారకపోవడానికి పండు స్వభావం, ఆబ్కారీ ఆర్థికం, 1990ల నాటి మద్యవిధానం, భూమి విలువ కలిసి కారణాలయ్యాయి.

4. 'షాహి', 'ఇబ్రహీం' వంటి పేర్లు చరిత్రను రాజుల వైపు లాగుతాయి. రెండు కత్తిరింపుల మర్మం తెలిసిన తోటమాలి, ఐదారు క్రోసుల అవతల తెల్లవారకముందే చెట్టెక్కిన గీతకార్మికుడు, రకాన్ని తెచ్చిన పౌరుడు ఆ పేర్లలో కనబడరు.

తారామతి పాట కోటదాకా వినిపించిందో లేదో తేల్చడం పరిశోధకుల పని కాదు. ఆ పాట ఎందుకు ఇంతకాలం వినిపిస్తూ ఉందో, దాని చప్పుడులో ఎవరి మాట వినిపించకుండా పోయిందో తెలుసుకోవడం మాత్రం మన పనే. శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ మండలాల పాత గ్రామాల్లో ద్రాక్షపందిళ్ల కింద పనిచేసినవారు, గీతవృత్తి చేసినవారు ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్నారు. సాగుకు, గీతకు సంబంధించిన వృత్తిపదజాలం, బావుల పేర్లు, తోటల హద్దులు వారి నోట ఇంకా మిగిలి ఉన్నాయి. తెలుగుశాఖలు, చరిత్రశాఖలు కలిసి ఆ మౌఖిక సామగ్రిని సేకరించడం తక్షణ కర్తవ్యం. ఆ పని ఈ తరంలోనే జరగాలి. లేకుంటే రేపు ఈ నేలకు మిగిలేది రాజుల పేర్లు, సంస్థల పేర్లు మాత్రమే.